తమ్ముడి ఎక్స్‌రే

ఆ రోజు షిఫ్టు అయ్యాక గనిలోంచి పైకి నడుస్తున్నాం. ఎప్పుడూ నా వెనక వచ్చే తమ్ముడు సమ్మయ్య ముందుకు వెళ్లిపోయాడు. నాకు ఊపిరి అందక గోడ పట్టుకుని ఆగిపోయాను.

"ఏందన్నా, అప్పుడే ముసలోనివైతున్నవా?" అని నవ్వాడు. నాకప్పుడు ముప్పై ఎనిమిది, వాడికి ముప్పై ఆరు.

చంద్రపూర్ దగ్గర బొగ్గు గనిలో మాది ఒకే షిఫ్టు. లోపల గ్యాస్ ఉంటుంది కాబట్టి బీడీ, అగ్గిపెట్టె తీసుకెళ్లకూడదు. దిగే ముందు గేటు దగ్గర ఒళ్లంతా తడిమి చూస్తారు. "బీడీ ఉందా?" "లేదు సాబ్." పదిహేనేళ్లుగా రోజూ ఇదే మాట. బీడీ కట్ట టీ హోటల్లో పెట్టి, పైకొచ్చాక ఇద్దరం అందులోంచే కాల్చేవాళ్లం.

దగ్గు కూడా మొదలై దవాఖానాకు వెళ్లాను. డాక్టరు "బీడీ అలవాటుందా?" అని అడిగితే నోటికి అలవాటైన జవాబే వచ్చింది. "లేదు సాబ్." ఆయన అదే రాసుకున్నాడు. ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అనుకున్నారు. ఆరు నెలలు మందులు మింగినా దగ్గు తగ్గలేదు, మనిషినే తగ్గిపోయాను. బొగ్గు దుమ్మే అన్నారు తోటివాళ్లు. అదే దుమ్ము పీల్చిన సమ్మయ్య గుండ్రాయిలా ఉన్నాడు. వాణ్ని చూస్తే కుళ్లు మొదలైంది.

నాగపూర్‌లో ఊపిరితిత్తులకు హెచ్ఆర్‌సీటీ స్కాన్ తీశారు, తర్వాత చిన్న ముక్క తీసి బయాప్సీ చేశారు. పల్మనరీ లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ అని తేలింది. ఊపిరితిత్తుల పైభాగాల నిండా సిస్టులనే గాలి తిత్తులు, నాడ్యూల్స్ అనే చిన్న గడ్డలు.

"చాలా అరుదైన జబ్బు. దాదాపు అందరూ పొగ తాగేవాళ్లే. మీరు తాగరని రాసుందే?" అంది డాక్టరమ్మ.

నా భార్య రాజవ్వ నా వైపు తిరిగింది. "డాక్టరుకే అబద్ధం జెప్పినవా?"

బీడీ మానడమే మొదటి మందన్నారు. మానేశాను. సమ్మయ్య మానలేదు. ఓ సాయంత్రం హోటల్ ముందు వాడు హాయిగా పొగ వదులుతుంటే ఒళ్లు మండింది. వాడికి కానిది నాకెందుకవుతుందని ఒకటి అడిగి తీసుకున్నాను. తర్వాత రోజూ తీసుకున్నాను. మూడో వారంలో, స్నానం చేస్తుండగా కుడివైపు ఛాతీలో పోటు వచ్చి కూలబడ్డాను. న్యూమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి ఛాతీలోకి చేరిందన్నారు. ఛాతీలో ట్యూబ్ వేసి ఎనిమిది రోజులు ఉంచారు.

సమ్మయ్య మంచం పక్కనే కూర్చుని ఏడ్చాడు. "నేను ఇయ్యకపోతే గిట్లయ్యేది గాదు గదన్నా."

"నువ్వు గూడ ఎక్స్‌రే తీపిచ్చుకో" అన్నాను. ప్రేమతో అన్నాననుకున్నాడు. వాడికీ ఒక్క మచ్చైనా ఉండాలని నా కోరిక.

"నాకేం లేదంటన్నా!" అంటూ రిపోర్టు పట్టుకొచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషమనుకుని కావలించుకున్నాడు. వాడి చొక్కా బీడీ వాసన వేస్తోంది.

రెండేళ్లయింది. మళ్లీ బీడీ ముట్టలేదు. ఊపిరి బలం కొలిచే పీఎఫ్‌టీ పరీక్షలో అంకె పెరగలేదు, తగ్గలేదు. మెట్లు ఆగి ఆగి ఎక్కుతాను. మీకు చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు ముందు దాచకండి. ఏం కాల్చారో, ఎన్నేళ్లు కాల్చారో, మానేసి మళ్లీ మొదలుపెట్టారో, అన్నీ చెప్పండి.

ఇప్పుడు నా డ్యూటీ పైనే, గేటు దగ్గర. దిగేవాళ్లను తడిమి చూసేది నేనే. సమ్మయ్య రోజూ చేతులు చాపి నిలబడతాడు.

"బీడీ ఉందా?"

"లేదు సాబ్" అని నవ్వుతాడు.

జేబు తడిమేటప్పుడు వాడి ఛాతీ నా అరచేతి కింద నిండుగా పొంగుతుంది. ఈ రోజుకీ ఓర్వలేను.