కిటికీ ఎదుటి గోడ

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా బొమ్మలన్నీ వంటింట్లోనే వేశాను. కొన్నేళ్ళు జమ్మలమడుగులో, కొన్నేళ్ళు పులివెందులలో బడిపిల్లలకు డ్రాయింగు చెప్పి, సాయంత్రం ప్రొద్దుటూరు బస్టాండులో దిగి ఇల్లు చేరేసరికి నాకు మిగిలేది ట్యూబులైటు వెలుగే. వంట అయ్యాక గట్టు తుడిచి దాని మీద కాగితం పరిచేదాన్ని. ఒకసారి పరధ్యానంగా నీలం కుంచెను నీళ్ళ గిన్నెలో ముంచాననుకుని చారు గిన్నెలో ముంచాను. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిన మా ఆయన, వచ్చిన చుట్టాలకు ఆ నీలం చారు సంగతి చెప్పందే కాఫీ కూడా తాగనివ్వడు.

అందుకే రిటైరైన వారంలోనే వెనక గది ఖాళీ చేయించాను. విరిగిన మంచాలు, పాత పరుపులు, ఎవరికీ అక్కర్లేని ట్రంకు పెట్టెలు అన్నీ బయటికి పోయాయి. ఆ గదికి ఉత్తరాన పెద్ద కిటికీ ఉంది. ఉత్తరం నుంచి ఎండ నేరుగా పడదు కాబట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెలుగు పెద్దగా మారదు. బొమ్మలు వేసేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి? గోడలకు సున్నం కొట్టించి, ఒక పక్క పొడవునా కడప బండ పరిపించాను, రంగులు పెట్టుకోవడానికి. వడ్రంగి ఆరు స్టాండ్లు చేసిచ్చాడు. మేకులు మాత్రం మా ఆయనే కొట్టాడు. ఒక్కటీ తిన్నగా దిగలేదు గానీ, ఆయన ఉత్సాహం చూసి ఊరుకున్నాను.

ఇంటి ముందు 'బొమ్మలు నేర్పబడును' అని బోర్డు పెట్టాక భయం పట్టుకుంది. ఎవరూ రాకపోతే ఈ వయసులో నవ్వులపాలే కదా. మొదటి ఆదివారం ఆరుగురు ఆడపిల్లలు వచ్చారు. ఆరు స్టాండ్లూ నిండాయి. నేను లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

ఆ రోజు పిల్లలు కట్టుకున్న ఏప్రన్లు పక్కింటి ఆమె కుట్టినవి. పాత దుప్పట్లు కత్తిరించి, జేబులు కూడా పెట్టి, అడక్కుండానే తెచ్చి ఇచ్చింది. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు, రెండేళ్ళకోసారి వస్తాడు. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మా రెండిళ్ళకూ మధ్య ఒక సందు, అంతే. నా పులివెందుల బస్సు ముద్దనూరు దగ్గర చెడిపోయి ఆగిన సాయంత్రాల్లో నా పిల్లలిద్దరూ ఆమె ఇంట్లోనే తిని, ఆమె బిడ్డ పక్కనే నిద్రపోయేవాళ్ళు. ఇరవై ఏళ్ళలో ఆమె ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మరుసటి ఏడు ఆమె కూతురికి నిఖా కుదిరింది. ఇల్లంతా రంగులు వేయించింది. నా కిటికీకి ఎదురుగా, సందు వైపు గోడకు కూడా. అంతకుముందు ఆ గోడకు ఎప్పటిదో వెలిసిపోయిన సున్నం ఉండేది. ఇప్పుడు చిలకపచ్చ. బాగుందనే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే నేను పిల్లలను గండికోట తీసుకెళ్ళి వచ్చాను. పెన్న లోయను, ఎర్ర బండలను కళ్ళారా చూసి వచ్చారు కాబట్టి, గదిలో కూర్చుని గుర్తున్నది గుర్తున్నట్టు వేయమన్నాను. రెండు ఆదివారాలు వేశారు. గదిలో బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. మురిసిపోయి, ఆరబెట్టడానికి వాకిట్లోకి తెచ్చాను. మా ఆయన కళ్ళద్దాలు సర్దుకుని అన్నాడు:

"ఏంది ఇది? గండికోటనా, మిరప్పండ్ల కళ్ళమా?"

నిజమే. బండలు కారప్పొడి కుప్పల్లా ఉన్నాయి. ఆరు బొమ్మలూ అంతే. పిల్లలను కసురుకున్నాను. తీరా చూస్తే నేను స్వయంగా దిద్దిన బొమ్మే అన్నింటికంటే ఎర్రగా ఉంది.

గదిలోకి వెళ్ళి తెల్ల కాగితం పట్టుకుని నిలబడ్డాను. అది తెల్లగా లేదు, లేత పచ్చగా ఉంది. ఆమె గోడ దక్షిణానికి తిరిగి ఉంది కదా, పొద్దంతా ఎండ దాని మీదే. అక్కడ పడ్డ ఎండే నా గదిలోకి వస్తోంది. ఆ పచ్చ వెలుగులో ఎరుపు చాలలేదనిపించి అందరం ఇంకాస్త, ఇంకాస్త కలిపాం. ఇన్నాళ్ళూ నా కిటికీ, నా వెలుగు అని మురిసిపోయిందంతా ఆమె పాత సున్నపు గోడ ఇచ్చిందన్నమాట. ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు చెప్పినదానికి ఆ సంగతి తట్టనే లేదు.

నాకు ముక్కు మీద కోపం. కానీ ఎవరి మీద చూపించను? ఇల్లు ఆమెది, గోడ ఆమెది, పెళ్ళి ఆమె బిడ్డది. పెళ్ళింటి గోడ రంగు మార్చమని ఏ నోటితో అడుగుతాను? బజారుకు పోయి మందపాటి గుడ్డ కొన్నాను. దాన్ని ఆమెతో కుట్టించడానికి మొహం చెల్లక, వేరే దర్జీతో కర్టెను కుట్టించుకొచ్చి కిటికీకి కట్టేశాను. మళ్ళీ ట్యూబులైటే. వంటింట్లోంచి వెనక గదికి వచ్చానన్న మాటే గానీ నా బతుకు మారలేదని తెగ ఏడుపొచ్చింది.

మూడు వారాలు గడిచాయి. సందులోంచి "టీచరక్కా" అన్న పిలుపు లేదు. కిటికీ ఊచల మధ్య నుంచి వచ్చే కూర గిన్నె లేదు. పెళ్ళి పనుల్లో ఉందిలే అనుకున్నాను. ఒకరోజు మా ఆయన పెళ్ళిపత్రిక తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"వాళ్ళ తమ్ముడు ఇచ్చి పోయినాడు" అన్నాడు.

ఆమె రాలేదు. ఆ బిడ్డకు 'అ' దిద్దించింది నేను, ఆ బిడ్డ పెళ్ళిపత్రిక నాకు ఆమె తమ్ముడి చేత వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళింటికి పోయాను. ఆమె మిషను ముందు కూర్చుని ఉంది, తలెత్తలేదు.

"ఏం మే, పత్రిక ఇచ్చేదానికి నీకు కాళ్ళు రాలేదా?" అన్నాను.

"నువ్వు కిటికీ మూసుకుంటివి గదక్కా" అంది. "ఇరవై ఏండ్లు లేని పరదా ఇప్పుడేంది? మా బిడ్డ పెండ్లి సందడి చూసేదానికి గూడా కష్టమాయనా నీకు? ఆ పరదా గుడ్డన్నా నా చేత కుట్టించకపోతివి. నేనేం తప్పు చేసినాను?"

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నా కోపం ఎటు పోయిందో తెలియదు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. కర్టెను పక్కకు లాగి, ఒక గండికోట బొమ్మ ఆమె చేతిలో పెట్టాను. గదిలో చూడమన్నాను. తర్వాత వాకిట్లోకి నడిపించి ఎండలో చూడమన్నాను. నేను ఇంకా వివరించడం మొదలుపెట్టకముందే ఆమె గోడ వైపు చూసింది, బొమ్మ వైపు చూసింది, నెత్తి కొట్టుకుంది.

"ఇంత మాత్రం నాకు తెల్సదా అక్కా? మ్యాచింగు దారం అంగట్లో లైటు కింద చూసి కొంటానా నేను? బయట ఎండలోకి పట్టుకపోయి చూసి గదా కొనేది. ఒక మాట అడిగింటే ఏమైతాండె నీకు?"

ఆమె అప్పటికప్పుడు మనిషిని పిలిచి గోడకు సున్నం కొట్టిస్తానంది. పెళ్ళి అయ్యేదాకా ఆ గోడను ముట్టుకుంటే పెళ్ళికే రానని బెదిరించాను. ఆ రంగు ఆమె భర్త కువైట్‌లో కూర్చుని, ఫోన్‌లో రంగుల కార్డు చూసి ఏరుకున్నదట. నిఖా రోజు ఆ గోడకే దీపాల తోరణాలు కట్టారు. పొట్ట పగిలేటట్టు బిర్యానీ తిన్నాను, పెళ్ళికూతుర్ని పట్టుకుని ఏడ్చాను కూడా.

పెళ్ళయిన తర్వాతి వారం, పొద్దున్నే సందులో గీకుతున్న చప్పుడు. కిటికీ దగ్గరికి పోయి చూస్తే ఆమె స్టూలెక్కి, పక్కన సున్నం బకెట్టు పెట్టుకుని కుంచెతో పూస్తోంది. పచ్చ గోడ మధ్య, సరిగ్గా నా కిటికీకి ఎదురుగా, తెల్లటి నలుచదరం.

"అంతా తెల్లగా పూస్తే మా ఆయప్ప అలుగుతాడు" అంది వెనక్కి తిరక్కుండానే. "నీ కిటికీ టేపుతో కొలుచుకున్నా. సుట్టూరా రెండు జానలు ఎక్కువ ఇడిసినా, కుట్టుకు ఇడిసినట్ల. శాలదంటే చెప్పు, ఇంగా పూస్తా."

చాలదని చెప్పలేదు. అంచుల్లోంచి కొంచెం పచ్చదనం ఇంకా వస్తుంది, కాదనను. అది నాకు ఇష్టం. ఆ కర్టెను గుడ్డను ఆమే అడిగి పట్టుకుపోయి కొత్త పిల్లలకు ఏప్రన్లు కుట్టింది. కువైట్ నుంచి ఆమె భర్త వీడియో కాల్‌లో "గోడకు ఆ మాసికేంది?" అని అడిగితే, "టీచరక్కకు ఎల్తురు" అని చెప్పిందట. ఆయన మళ్ళీ అడగలేదట.

ఇప్పుడు గదిలో తొమ్మిది స్టాండ్లున్నాయి. ప్రతి ఏడూ రంజాన్ ముందు వాళ్ళింటికి సున్నాలు, రంగులు మొదలవుతాయి, మొదట సున్నం పడేది ఆ నలుచదరానికే. కొత్తగా చేరిన పిల్లకు పెన్సిలు ఇవ్వకముందే నేను ఒక ప్రశ్న అడుగుతాను, ఈ గదిలోకి వెలుగు ఎక్కడి నుంచి వస్తోంది అని. కొందరు సూర్యుడి నుంచి అంటారు, కొందరు కిటికీలోంచి అంటారు. కాదని, కిటికీ అవతలి గోడను వేలెత్తి చూపిస్తాను.

"అదిగో, ఆ ఇంటి నుంచి" అంటాను.

సందు అవతల మిషను చప్పుడు ఆగుతుంది. "ఏంది టీచరక్కా, నన్ను పిలిచినావా?" అని వినిపిస్తుంది.