రెండు నొక్కులు

ఈ బరువు మోస్తూనే నేను పెళ్ళి చేసుకున్నాను, ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు, అందుకే నీకు చెప్పడం సులభం. ఇది ముగించేదాకా కుర్చీలోంచి లేవకూడదని పొద్దున్నే కూర్చున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో ప్రొద్దుటూరులో కాలేజీ చదువు నాది. చెడుగుడు జట్టుకు నేను కెప్టెన్ని. కూతకు పోయేవాళ్ళు మాకు బాగానే ఉన్నారు. పట్టేవాళ్ళే లేరు. ఏడుగురిలో ముగ్గురు హాస్టలు పిల్లలు, గట్టిగా తుమ్మితే పడిపోయే రకం. అవతలి మనిషి కూత పెడుతూ వచ్చి మా వరసను ఒక్క తోపు తోసి వెళ్ళిపోయేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మేము మట్టి జారుతోందనేవాళ్ళం.

ఆ లోటు కప్పడానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. కూతగాడు వచ్చినప్పుడు చేతులు చేతులు పట్టుకుని వరసగా నిలబడతాం కదా, ఆ చేతుల్లోనే సైగలు పెట్టాను. నేను పక్కవాడి చేతిని ఒకసారి నొక్కితే అతను ఆ పక్కవాడిది నొక్కుతాడు, వరసంతా వెనక్కి జరుగుతుంది. రెండుసార్లు నొక్కడం మాత్రం నా పక్కనుండే మస్తానుకే. రెండు నొక్కులు పడితే మస్తాను చెయ్యి విడిపించుకుని కూతగాడి మడమ మీదికి దూకాలి, మిగతావాళ్ళం మీద పడాలి. నొక్కు పడ్డాక ఆలోచించకూడదు. ఆ నియమం నేను పెట్టిందే. బయట చూసేవాళ్ళకు ఏమీ కనిపించదు. ఎంత తెలివైన ఉపాయమని మురిసిపోయానో!

మస్తాను వాళ్ళ నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మస్తానుకు ఆ అంగట్లో కూర్చోవడం ఇష్టం లేదు. డ్రిల్లు మాస్టరు కావాలని వాడి ఆశ, నా ఆశ కూడా అదే. ట్రైనింగుకు మా ఇద్దరిలో ఒకరి పేరే ఉత్తరం రాసి పంపుతానని మా ఆటల సారు ముందే చెప్పాడు.

జమ్మలమడుగులో పోటీలు. మొదటి రోజు ఆటలో మస్తాను మోకాలు బెణికింది. రెండో రోజు పులివెందుల జట్టుతో ఆఖరి ఆట. బరి దగ్గరికి నడుస్తుంటే నన్ను పక్కకు పిలిచాడు.

"మోకాలు శానా నొస్తాందప్పా. వరసలో నిలబడతా గానీ, ఈపొద్దు రెండు నొక్కులు నొక్కొద్దు."

"సారుతో చెప్పేదా?"

"చెప్తే కూర్చోబెడతాడు. నా పేరు రాయడింక. నువ్వు నొక్కకుంటే సాలు."

"నొక్కనులే పోరా. ఇదో, చేతిలో చెయ్యేసి చెప్తాండా."

చెయ్యి వేశాను కూడా.

ఆట సమానంగా సాగింది. చివరి కూతకు పులివెందులవాళ్ళ పెద్ద మనిషి వచ్చాడు, ఎద్దులాంటివాడు. మా హాస్టలు పిల్లవాడొకణ్ణి తాకి వెనక్కి తిరిగాడు. ఊపిరి అయిపోతోంది వాడికి, గీత ఇంకా నాలుగడుగులుంది. మడమ మస్తాను ముందే ఉంది. నా వేళ్ళు రెండుసార్లు నొక్కాయి.

వేళ్ళు నొక్కాయట! చూడు, ఇప్పుడు కూడా వేళ్ళ మీదికి తోస్తున్నాను. నొక్కింది నేను.

మస్తాను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దూకి మడమ పట్టాడు. మేమంతా మీద పడ్డాం, అందరికంటే ముందు నేను. కింద కాలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. గెలిచాం.

ఇంతవరకైతే ఆటవేడిలో జరిగిపోయిందని నన్ను నేను క్షమించుకుని ఉండేవాణ్ణేమో. తర్వాత చేసిందాన్ని ఏ లెక్కలో వెయ్యను? మస్తానును ఎద్దులబండిలో పడుకోబెట్టారు. సారు బండి పక్కన నిలబడి, సైగ చేసినావా అని నన్ను అడిగాడు. లేదు సార్, వాడంతట వాడే దూకినాడు అన్నాను. మస్తాను కళ్ళు తెరిచే ఉన్నాడు, విన్నాడు. నా వైపు చూసి, తల అటు తిప్పుకున్నాడు. భయపడి అన్నానా? ఉత్తరం గుర్తొచ్చి అన్నానా? ఇన్నేళ్ళు భయమనే చెప్పుకుంటూ వచ్చాను. కాదు. ఉత్తరం గుర్తొచ్చింది.

ఉత్తరం నా పేరు మీద పోయింది. వేంపల్లెలో, సింహాద్రిపురంలో డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. పిల్లలకు చెడుగుడు నేర్పాను గానీ చేతి సైగలు నేర్పలేదు. మస్తాను కాలు వంగకుండా బిగుసుకుపోయింది. ఆ కాలు ముందుకు చాపుకుని వాళ్ళ నాయన అంగట్లోనే కూర్చున్నాడు.

రంజానుకు వాళ్ళింటికి పోతే వాళ్ళమ్మ నాకు సేమ్యా పెట్టి, నీ నెమ్మది వీనికి లేకపాయె, వీని దూకుడే వీని కాలు తినింది అనేది. మస్తాను అది వింటూనే నా గిన్నెలో ఇంకో గరిటె వేసేవాడు. తేలు కుట్టిన దొంగలా నేను ఆ సేమ్యా తినేవాణ్ణి. ఆ తల్లి అదే నమ్మకంతో పోయింది. రేపో మాపో నేనే నిజం చెబుతానని మస్తాను ఎదురు చూశాడేమో. ఎన్ని రంజాన్లు చూశాడో.

పోయిన వారం పరుపు ఏకించడానికి వాళ్ళ అంగడికి వెళ్ళాను. మస్తాను పెద్దకొడుకు తన తమ్ముణ్ణి తొందరపడొద్దని మందలిస్తూ, "నాయన మాదిరి దూకొద్దురా, నిదానంగా కుట్టు" అన్నాడు. ఆ ఇంట్లో అదొక సామెత అయిపోయింది. మస్తాను కూడా నవ్వాడు. నవ్వి, నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేకపోయాను.

నన్ను క్షమించమని అడగబోవడం లేదు. అడిగితే వాడు సరేనంటాడు, నాకు తెలుసు. అది నాకు వద్దు. నేను పోగొట్టింది వాడి కాలొక్కటే కాదు, పేరు కూడా. కాలు తిరిగి ఇవ్వలేను. పేరు ఇవ్వగలను.

రేపు పొద్దున అంగడి తెరిచేసరికి అక్కడుంటాను. కొడుకులిద్దర్నీ పిలిచి, మస్తాను ముందరే చెబుతాను. ఏమనాలో ఇప్పుడే పైకి అని చూసుకున్నాను. మధ్యలో మాట ఆగలేదు.

"మీ నాయన తొందరపడి దూకలేదప్పా. నొక్కనని చేతిలో చెయ్యేసి, నేనే నొక్కినా."