ఏ రాములుకు ఆ సూది వద్దు?

మా దవాఖానా సిస్టరమ్మ పోయిన వారం ఖమ్మంలో కన్నుమూసింది. ఫోను చేసి ఆ కబురు చెప్పిన దవాఖానా కమిటీ సెక్రటరీ, ఆ వెంటనే "సంతాప సభకు ఫొటో ఎంత సైజు కట్టిద్దాం టీచరమ్మా?" అని అడిగాడు. ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. కాబట్టి ఇది మెత్తగా ఉండదు, మీరే సర్దుకోండి.

బూర్గంపాడు దాటి అడవిలోకి పోయే దారిలో, చందాలతో నడిచే చిన్న దవాఖానా మాది. ఆమె నర్సు. బడి నుంచి రిటైరై, మనవలను ఆడించే ఓపిక లేని నేను అక్కడ కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. ఒక్కో రోగికి నోట్‌ప్యాడ్‌లో ఒక్కో ఫైలు. ఆమె చెప్పేది, నేను కొట్టేదాన్ని. రోగి నిలబడి ఉన్నంతసేపు తను కుర్చీలో కూర్చునేది కాదు. చాయ్ చల్లారి మీగడ కట్టాక గాని ముట్టేది కాదు.

మొదట్లో నేను రోగి పేరే ఫైలుకు పెట్టాను. భద్రాచలం చుట్టుపక్కల అదెంత తెలివితక్కువ పనో నాకు తట్టలేదు. కొన్నాళ్లకే ఏది వెతికినా రాములు. రాములు కాకుంటే సీత. ఆమె కళ్లద్దాలు నెత్తి మీదికి తోసి నవ్వింది.

"దేవుణ్ణి వెతుకుతున్నవా, రోగిని వెతుకుతున్నవా?"

ముందు ఊరు, తర్వాత ఇంటి గుర్తు, ఆ తర్వాత మనిషి, చివర జబ్బు. అదీ ఆమె పద్ధతి. 'చింతగుంపు వాగొడ్డు రాములు ఆయాసం.' తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. అందులో ఏ ముక్క కొట్టినా మనిషి దొరికేవాడు. పంతులమ్మను కదా, ఆయాసం బదులు 'శ్వాసకోశ వ్యాధి' అని పెట్టబోయాను. చేతి మీద ఒక్కటి వేసింది. "వెతికేటప్పుడు నోట్ల ముందుగాల ఏ మాట వస్తదో అదే పెట్టు. నీ చదువంత ఈడ చూపియ్యకు."

ఆమె మంచాన పడి ఖమ్మంలో ఉండగా సెక్రటరీ ఆ పేర్లన్నీ మార్పించాడు. రాములు ఒకటి, రాములు రెండు, రాములు మూడు. ఆమె లేనన్నాళ్లు నేను అటు పోలేదు, సభ రోజే చూశాను.

"ఇదేంది?"

"చందాలిచ్చేటోళ్లు చూస్తే నీట్‌గ ఉండాలె గద టీచరమ్మా."

"ఊరి పేరేది?"

"లోపల ఉంటది గద?"

లోపల లేదు. ఫైలు పేరులోనే ఉందని మేము మళ్లీ రాయలేదు. పాత పేర్లను ఎవరూ ఎక్కడా దాచలేదు. ఒక రాములు ఫైలు తెరిస్తే ఇంతే ఉంది: పెన్సిలిన్ సూది వేయొద్దు, ముఖం వాచి ఊపిరి ఆగబోయింది. ఏ రాములు? కొట్టింది నేనే అయినా, ఇంతమందిలో నాకు గుర్తు లేదు. చెప్పగలిగిన మనిషి ఫొటోలో, దండ వెనక ఉంది. రేపు వాడు జ్వరంతో వస్తే, తెలియక అదే సూది పొడుస్తారు.

బయట మైకులో ఆమెను దేవత అంటున్నారు. పోయి మైకు లాక్కున్నాను. "దేవత సంగతి తర్వాత. రాములు పేరున్న వాళ్లంతా లేవండి." మగవాళ్లలో సగం మంది లేచారు. జనం నవ్వారు. నేను నవ్వలేదు. ఒక్కొక్కరినీ అడిగాను. ఆ సూది పడనివాడు వాళ్లలో లేడు.

అప్పుడు వెనక నుంచి ఒక ముసలమ్మ లేచింది. "మా రాములు మణుగూరు బొగ్గు పనికి పోయిండమ్మా. సూది ఏసినంక మొకమంత ఉబ్బింది వానికే. సిస్టరమ్మ పొద్దుగూకేదాకా వాని పక్కకెంచి లేవలే."

"మరి ఆ సూది పేరన్నా వానికి తెలుసా?"

"మాకెందుకు? సిస్టరమ్మకు ఎరుకే గద అనుకున్నం."

ఆ జవాబుకు సెక్రటరీ వంక చూశాను. అతను ఫొటో వంక చూశాడు.

ముసలమ్మను లోపలికి తీసుకుపోయి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఊరు, ఇంటి గుర్తు అడిగి, 'రాళ్లగుంపు తాటివనం రాములు పెన్సిలిన్ వద్దు' అని ఫైలు పేరు మార్చి, కొడుక్కి చెప్పమని సూది పేరు ఆమెతో పలికించాను. రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి సరిగ్గా అంది. ఇక మిగిలిన రాములుల కోసం ఊరూరా తిరగాలి. సెక్రటరీ జీపులోనే తిరుగుతాను.

"ఇందుల మా ఊరు యాడుందమ్మా?" అంది ముసలమ్మ.

చూపించాను. ఆ మాట మీద వేలు పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. వేలు తీశాక, దుమ్ము పట్టిన తెర గాజు మీద అంత మేర తుడుచుకుపోయి, వాళ్ల ఊరి పేరు ఒక్కటే తేటగా కనిపించింది.