మా అమ్మ కుట్టిన మంగట్టె పిట్ట

మొన్న మా మునిమనవరాలికి ఎవరో మెత్తటి బొమ్మపిట్ట తెచ్చి ఇచ్చారు. పెద్ద పసుప్పచ్చటి ముక్కు, దాని మీద బోర్లించిన దొప్పలాంటి బుడిపె చూసి, ఇదేం వింత పక్షో అని ఇంట్లోవాళ్లు ఫోన్లలో వెతుకుతుంటే, అది మంగట్టె అని నేనే చెప్పాను. బడి మొహం సరిగ్గా చూడని ముసలిదానికి ఎట్లా తెలుసని అందరూ ఆశ్చర్యపోయారు గానీ, నా ఈడువాళ్లు మీరైతే నమ్ముతారు, చెబుతాను.

నైజాం నాటి మాట. వానలు లేని ఏడు మా మేనమామ పడమటి కనుమల్లో కలప లాగే పనికి పోయి, రెండేండ్లకు నారాయణఖేడ్ తిరిగి వచ్చాడు. అక్కడ ఎండ నేల మీద పడనంత అడవి ఉంటుందనీ, అక్కడివాళ్లు మంగట్టె అనే పెద్దముక్కు పిట్టల్లో, గుడ్లు పెట్టే కాలంలో ఆడపిట్ట చెట్టు తొర్రలో కూర్చుని వాకిలి మూసుకుంటే మగపిట్ట సందులోంచి పండ్లు తినిపిస్తుందనీ చెప్పేవాడు. ఎవరూ నమ్మలేదు. "మగడు తెచ్చి తినపెడ్తుంటే పెండ్లాం కూసొని తింటదా? గా అడవికి నన్ను సుత తీస్కపోరా" అని మా పక్కింటి అత్త అందరిముందు ఆటపట్టించేది. నవ్వితే నవ్వారు గానీ, కోతలోడన్న పేరు కంగ్టి దాకా పాకి, అక్కడ ఇంచుమించు కుదిరిన సంబంధంవాళ్లు వెనకాడారు. తల్లి లేని తమ్ముణ్ణి సాకి పెద్దచేసిన మా అమ్మకు అది గుండెలో ముల్లయింది.

ఆమె ఎవరితోనూ వాదించలేదు. బొంతల కోసం దాచిన పాతగుడ్డల మూట విప్పి, తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతను చెబుతుంటే కుట్టింది. నల్లచీర పేలికతో ఒళ్లు, ధోవతి ముక్కతో తెల్లతోక, దానికో నల్లపట్టీ, పసుపులో ముంచిన గుడ్డతో ముక్కు. ముక్కులో దూది ఎక్కువై పిట్ట నిలబెట్టినప్పుడల్లా బోర్లాపడుతుంటే తోకలో గుప్పెడు జొన్నలు పోసి నిలబెట్టింది. మామకు నచ్చని చోటల్లా విప్పి మళ్లీ కుట్టింది.

వద్దన్న మాట మొహం మీద చెప్పిపోదామని పిల్ల తరఫువాళ్లు వచ్చారు. వాళ్లతో పిల్ల అమ్మమ్మ కూడా వచ్చింది, ఆ పడమటి కనుమల్లోనే మలెనాడు అడవిపల్లెలో పుట్టిన కన్నడ మనిషి. గోడ గూట్లో పెట్టిన పిట్టను ఒళ్లోకి తీసుకుని చాలాసేపు చూసి, కన్నుకు ఎర్రపూస ఎవరు పెట్టమన్నారని అడిగింది. తప్పు జరిగిందేమోనని బెదురుతూనే, తమ్ముడే పెట్టమన్నాడంది అమ్మ.

"మంగట్టెల మగదానికే ఎర్రకన్ను, ఆడదానికి తెల్లకన్ను. దగ్గరికి పోయి చూడనోనికి గీ ముచ్చట తెల్వది. పిల్లగాడు అబద్ధమాడలే, పిల్లనియ్యిండ్రి" అని ఆమె తనవాళ్ల వైపు తిరిగింది. ఆ పూటే మాట ఖాయమైంది. మా అమ్మ ఆ రోజు నడిచినంత నిటారుగా మళ్లీ ఏ రోజూ నడవలేదనిపిస్తుంది నాకు.

ఆ పిట్ట మామ పిల్లలందరి చేతుల్లో నలిగి, జొన్నల కోసం ఎలుకలు తోక కొరికితే అతుకులు పడి, చివరికి ఎటు పోయిందో తెలియదు. ఇప్పుడు ఏ పిట్టనైనా క్షణంలో చూపించేస్తున్నారు, మంచిదే. కానీ అడవి ఎట్లుంటుందో ఎరగని మా అమ్మ, తమ్ముడి మాటనే కళ్లుగా చేసుకుని, చూసినవాళ్లు కాదనలేని పిట్టను కుట్టింది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అంతసేపు కూర్చుని వినడం ఇప్పుడు ఏ ఇంట్లో ఉందో, నాకైతే కనబడదు.