నారాయణప్ప మోకాలు

ఇన్నేళ్లుగా లోపల దాచుకున్న మాట ఒకటుంది. నిద్ర పట్టనంత బరువని అనను, బాగానే నిద్రపోతాను. కానీ ఎవరైనా నన్ను మెచ్చుకుంటే మాత్రం ముందు అదే గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను.

హిందూపురంలో నాకు సొంత జిమ్ ఉంది. పెనుకొండ నుంచి కూడా వస్తారు. చేరినవాళ్లు మానరు. గొప్పలు కాదు, కావాలంటే అడిగి చూడండి. ఎవరిని అదిలించాలో, ఎవరిని బుజ్జగించాలో మనిషిని చూడగానే తెలిసిపోతుంది నాకు. ఆ రోజుల్లోనూ తెలుసనే అనుకున్నాను.

అప్పుడు ధర్మవరంలో వేరేవాళ్ల జిమ్‌లో ట్రైనర్‌ని. పట్టుచీరలు నేసే నారాయణప్ప నా దగ్గర చేరాడు. యాభై దాటినవాడు, షుగరు వచ్చిందని డాక్టరు వ్యాయామం చేయమన్నాడట. ఆయనది గుంత మగ్గం. రోజంతా గుంతలో కాళ్లు పెట్టి కింది చెక్కలు తొక్కుతూనే ఉండాలి. అంత తొక్కే కాళ్లకు ఏ బరువైనా ఒక లెక్కా అనుకున్నాను. తొక్కి తొక్కి అవి అరిగిపోయి ఉంటాయని ఒక్కసారైనా ఎందుకు తోచలేదు?

ఒక రోజు కొత్తగా చేరదామని వచ్చినవాళ్లు నిలబడి చూస్తున్నారు. నా పనితనం చూపించాలి కదా! నారాయణప్ప భుజాల మీద బరువు పెంచి స్క్వాట్లు చేయించాను.

"మోకాలు పట్టుకుంటాండాదప్పా, చాలు" అన్నాడు.

వినబడలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, వినబడింది.

"ఏమన్నా, మగ్గం తొక్కేటోడివి, ఇంతేనా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, మళ్లీ కిందికి కూర్చున్నాడు. ఇక లేవలేకపోయాడు.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్లాను. మోకాలు వాచిపోయి మంచం మీదున్నాడు. మగ్గం మీద పెళ్లిచీర సగంలో ఆగిపోయింది. ఆయన భార్య నన్ను నిలదీసింది.

"ఏం చేసినావప్పా మా ఆయన్ని?"

"నేనేం చేయలేదక్కా. వద్దంటాన్నా వినకుండా, ఆయనే బరువెక్కువ పెట్టుకున్నాడు."

నారాయణప్ప నా ముఖంలోకి చూశాడు. అయిపోయింది నా పని అనుకున్నాను.

"అవునులే, నాకే తిక్క" అన్నాడు భార్యతో. "ఆ యప్పనేమీ అనొద్దు."

ఎందుకలా అన్నాడు? నా ఉద్యోగం పోతుందనా? అందరి ముందూ నవ్వులపాలైన సంగతి ఇంట్లో తెలియకూడదనా? నేను అడగలేదు. అడిగితే నిజం ఒప్పుకోవాల్సి వస్తుందని, పరామర్శ పేరుతో తెచ్చిన పళ్లు అక్కడ పెట్టేసి, ఎవరో తరుముతున్నట్టు బయటపడ్డాను. ఛీ!

ఆ చీరను ఆయన తమ్ముడు పూర్తి చేశాడు. నారాయణప్ప మళ్లీ మగ్గం గుంతలోకి దిగలేదు. ఇప్పుడొక అంగట్లో చీరలు మడతపెడుతుంటాడు.

మొన్న ధర్మవరం నుంచి ఒకామె వచ్చి చేరింది. ఆయనే పంపాడట. "ఆ యప్ప కాడికి పో, నొప్పంటే ఇంటాడు" అన్నాడట.

నిజమే, ఇప్పుడు వింటాను. ఎవరు అబ్బా అన్నా ఆపేస్తాను, నా దగ్గరి ట్రైనర్లకూ అదే నేర్పుతాను. నాకీ పేరు వచ్చింది దానివల్లే. ఆ పేరు కోసం ఒక మనిషి మోకాలు పోయింది.

ఆయన బరువెక్కువ పెట్టుకోలేదు. నేనే పెట్టాను. చాలన్నాడు, విన్నాను, ఆపలేదు. ఆయన భార్యకు ఇంకా తెలియదు. మీకు తెలిసింది. కాస్త ఊపిరాడుతోంది.