బైరాగి నూతిలో దొరికిన రాయి

ఉద్దానంలో నుయ్యి తవ్వడం మాటలు కాదు. అంతా ఇసక నేల. ఇటు తవ్వుతుంటే అటు పూడిపోతుంది. అలాంటి నేలలో వయసంతా నూతులు దించాడు బైరాగి. ఆ ఊళ్లో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో, ఇళ్ల పెరళ్లలో ఎక్కడ చూసినా ఆయన దించిన ఒరలే, ఇసక కూలకుండా నూతి చుట్టూ దించే సిమెంటు చుట్లే. పెళ్లిళ్లకెళితే పక్క ఊరివాళ్లకు ఆయన్ని చూపించి, "మా ఊరికి నీళ్లిచ్చిన మనిషి" అనేవారు. బైరాగి తల వంచుకునేవాడు గాని లోపల పొంగిపోయేవాడు. పొంగిపోడూ మరి!

ఆ పొంగు ఎంతోకాలం నిలవలేదు. ఊళ్లో కిడ్నీ జబ్బు మొదలైంది. గునపంలాంటి మగాళ్లు కూడా కాళ్లూ మొహం ఉబ్బి మంచం పట్టేవారు. ఎందుకొస్తోందో చెప్పిన నాథుడు లేడు. పరీక్ష చేస్తామని సీసాల్లో నీళ్లు నింపుకుని వెళ్లిన ఆఫీసర్లు మళ్లీ మొహం చూపించలేదు. చెప్పేవాడు లేకపోతే ఊరే ఏదో ఒకటి చెప్పుకుంటుంది. నీళ్ల వల్లే అంది. నీళ్లంటే నూతులు, నూతులంటే బైరాగి.

రెండువేల మూడులో ఆయన సొంత తమ్ముడు అప్పలసూరి అదే జబ్బుతో పోయాడు. దినాలనాడు తమ్ముడి భార్య కళావతి నలుగురిలోనూ అనేసింది.

"నీ నుయ్యే తినేసినాది బావా నా మనిషిని."

అన్నదమ్ముల ఇళ్లు రెండింటికీ బైరాగి దించిన పెరటి నుయ్యి ఒక్కటే. ఆ రోజు నుంచి కళావతి దాని ఛాయలకు రాలేదు. ఊరవతల బోరు నుంచి నీళ్లు మోసుకొచ్చేది. బైరాగి కూడా ఆమెను తప్పుపట్టలేదు. తమ్ముడి గొంతులో పోసినవి ఆ నీళ్లే కదా. 'నీ తప్పు కాదు బావా' అన్న మాట ఆమె నోట వింటే చాలు, చచ్చినా ఫరవాలేదనుకునేవాడు.

మరుసటి వేసవిలో నీరు అడుగంటితే, బురద తీద్దామని ఆయన నూతిలోకి దిగాడు. కాలికి ఏదో గట్టిగా తగిలింది. పైకి తెచ్చి కడిగితే నల్లగా, నున్నగా, చూపుకు మించిన బరువుతో ఒక రాయి. ఇసక తప్ప గులకరాయి కూడా దొరకని నేల అది. ఊరంతా పెరట్లోకి వచ్చిపడింది.

"మన నేలలో రాయేటి?" అన్నారందరూ.

కిరాణా కొట్టు పోలారావు పాత రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చి ఆనించాడు. టక్కున అతుక్కుంది.

"ఉల్క మావా ఇది! ఆకాశంలోంచి పడతాయి, పేపర్లో రాత్తారు సూడు."

తుఫాను వచ్చిన ఏడు ఆకాశంలో నిప్పుముద్ద పరిగెత్తడం చూశానని ఒక ముసలమ్మ అంది. ఇంకేం కావాలి? ఆ ఉల్క నూతిలో పడింది, దాని విషం నేలలో దిగి నీళ్లన్నిటికీ పాకింది, ఇప్పుడు బయటికొచ్చింది గనక పీడ వదిలింది. జనం తేల్చేశారు.

ఆ సాయంత్రమే కళావతి బిందెతో వచ్చింది.

"ఐతే ఇదా బావా మనల్ని తిన్నాది? నానే నోరు జారినాను. మనసులో ఎట్టుకోకు."

నూతిలో నీళ్లు తోడుకుని పిల్లలకు పట్టుకెళ్లింది. బైరాగి గోడకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

రాళ్ల సంగతి తెలిసినాయన టెక్కలి కాలేజీలో ఉన్నాడని పోలారావు చెప్పాడు. బైరాగి వెళ్లింది అనుమానంతో కాదు, ఆ మాటే చదువుకున్నవాడి నోట కూడా వినాలన్న ఆశతో. తువ్వాల్లో రాయి మూటగట్టుకుని పలాస దాకా ఆటోలో, అక్కణ్ణుంచి బస్సులో వెళ్లాడు.

లెక్చరరు ప్రదీప్ కుమార్ నెమ్మదస్తుడు. రాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు. అయస్కాంతం ఒక్కటీ చాలదని చెప్పి, రాయితో ఒక పింగాణీ పెంకు వెనక గరుకు వైపు గీసి, పడిన చారను చూశాడు. బైరాగిని అడిగి, ఒక మూల సుత్తితో పగలగొట్టాడు. లోపలంతా అట్టు మీద కన్నాల్లా బుడగలు.

"ఆకాశం నుంచి పడ్డ రాళ్లలో ఇలా బుడగలుండవు పెద్దాయనా. ఇది ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం. ఇనుప రవ్వలుంటాయి గనక అయస్కాంతం పట్టింది. మీ నూతిలోకి ఎలా వచ్చింది?"

ఆ బుడగలు చూడగానే బైరాగికి అది ఎక్కడిదో గుర్తొచ్చింది. ఒర కిందికి దిగాలంటే పైన బరువు పెట్టాలి. ఇసక నేలలో రాళ్లెక్కడివి? ఇనుము పోతపోసేవాళ్లు పారేసిన చిట్టేన్నే బస్తాలకెత్తి ఒరల మీద పెట్టేవాడు. పెరటి నుయ్యి దించేటప్పుడు ఒక బస్తా చిరిగి ముక్కలు నూతిలో పడ్డాయి. అప్పలసూరి ఒర మీద నిలబడి పగలబడి నవ్వాడు. "పోనీరా" అన్నాడు తను.

"దీనివల్ల నీరు పాడైపోద్దా బాబూ?"

"ఈ ముక్క వల్ల ఊరికంతా జబ్బు రాదు. నీళ్ల వల్లో, ఇంకెందువల్లో ఎవరికీ తెలీదు. తెలిసేదాకా ఆ నీళ్లు తాగకండి."

తిరుగు బస్సులో బైరాగి ఒకటే నలిగిపోయాడు. ఉల్కేనంటే అడిగేవాడెవడు? ఊరు మళ్లీ నెత్తిన పెట్టుకుంటుంది. కళావతి మళ్లీ బావా అని నోరారా పిలుస్తుంది. కానీ తమ్ముడి పిల్లలు ఆ నీళ్లే తాగుతారు. పాడు మనసు, ఎంతసేపూ తన పేరు గురించే లాగుతోందని తన్ను తనే తిట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి కళావతి నూతి దగ్గరే ఉంది. నిండు బిందె చంకనెత్తుకోబోతూ ఆగింది.

"ఏటన్నారు బావా?"

"సిట్టెమమ్మా. ఆకాశంది కాదు. నుయ్యి దించినపుడు మా సేతిలోంచే పడ్డాది. పిల్లలకి ఈ నీరు పట్టకు."

"ఐతే నా మనిషిని తిన్నాది నీ నుయ్యేనా?"

"తెల్దమ్మా. ఎవులికీ తెల్దంట."

కళావతి బిందె అక్కడే బోర్లించేసింది. ఏడవలేదు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"అవునను బావా, తిట్టుకుంటాను. కాదను, ఇక్కడితో ఒగ్గేత్తాను. ఏదో ఒకటి సెప్పు."

బైరాగి ఆ ఖాళీ బిందె ఎత్తుకుని ఊరవతల బోరు వైపు నడిచాడు.