ప్రార్థన గదిలో కల్లు వాసన

మద్యం నిషేధమైన కువైట్‌లో, అదీ దేవుని సన్నిధిలో, సంఘం మొత్తాన్ని తాగుబోతులుగా తేల్చిన ఘనుణ్ని నేను. నవ్వండి, కాకపోతే నాకోసం కాస్త ప్రార్థన కూడా చేయండి.

అప్పట్లో అబూ హలీఫాలో డ్రైవర్ని, అక్కడి మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్దని. లేఖనాలన్నీ కంఠతా వచ్చు, పక్కవాళ్ల పాపాలు అంతకంటే బాగా వచ్చు. మా వీధిలోని పాలస్తీనా టీచరమ్మ ఇల్లు ఖాళీ చేస్తూ ఒక పూలకుండీ ఇచ్చింది. బాణం మొనల్లాంటి ఆకులు, మధ్యన విచ్చని మొగ్గ. ఆవిడ దాని పేరు చెప్పబోతే, "తెలుసమ్మా, లేఖనాల్లోని లిల్లీ" అని అడ్డుపడి, తెచ్చి ప్రసంగ వేదిక పక్కన పెట్టాను.

శుక్రవారం ఆరాధనలో అది విచ్చుకుంది. వంకాయ రంగు పువ్వు. రెండో పాటకల్లా గదంతా పులిసిన కల్లు వాసన.

నా చూపు సత్తిబాబు మీద పడింది. ఊళ్లో పేరుమోసిన తాగుబోతు, ఇక్కడికొచ్చి మానేశాడు. ఆ మధ్యాహ్నమే అతనికి బాప్తిస్మం. వేదిక దగ్గరికి పిలిచాను.

"సత్తిబాబూ, ఊదు."

"ఆయ్, ఊదుతానండి. ఉపవాసమండి, టీ కూడా తాగలేదండి."

ఊదాడు. గుప్పుమంది. పాస్టరయ్యగారి వైపు తిరిగాను.

"అయ్యగారూ, బాప్తిస్మం ఆపేయండి."

"మిగతావాళ్లని కూడా ఊదమనండి, అన్నా" అన్నాడు సత్తిబాబు.

సరేనని వరసగా అక్కడికే పిలిచాను. నర్సమ్మ ఊదింది, గుప్పు. డోలక్ బ్రదర్, గుప్పు. చివరికి అయ్యగారు ఊదారు, ఆయనా గుప్పే. లోకాంతం వచ్చేసిందనుకున్నాను.

"బ్రదర్, ఎవరూ ఊదకపోయినా వస్తోందండి" అన్నారు పాస్టరమ్మగారు. పువ్వు చుట్టూ ముసిరిన ఈగలను చూసి, ఫోనుతో ఫొటో తీసి వెతికారు. "లిల్లీ కాదు, మధ్యధరా తీరపు అడవి మొక్కట. మన చేమదుంపకు చుట్టమట. ఈగల కోసం పులిసిన పళ్ల వాసన వదులుతుందట."

అందరూ నావైపు చూశారు. సత్తిబాబు చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాను. మధ్యాహ్నం అతను నీళ్లలోంచి లేచి, తల తుడుచుకుంటూ నా చెవి దగ్గరకొచ్చాడు.

"అన్నా, ఆ కుండీ పారేస్తారాండి?"

"పారెయ్యక?"

"నాకిచ్చేయండి. తాగనని ప్రభువుకి మాటిచ్చాను గానండి, వాసన సంగతి ఆయన అడగలేదండి."

ఆ రోజే మోకరించి ప్రమాణం చేశాను. ఊపిరున్నంతవరకు ఎవరి నోరూ వాసన చూడను, ఏ మొక్కకూ పేరు పెట్టను. ఆదాము అంతటివాడే జంతువులకు పేర్లు పెట్టి ఊరుకున్నాడు, మొక్కల జోలికి పోలేదు.